మూడో ప్రకటన

అయ్యగారి ప్రసంగం ఇంకా అవలేదు, అవకపోతే బాగుండు, అయిపోతే కానుకలు పడతారు, కానుకలయ్యాక ప్రకటనలు, ప్రకటనల్లో చిట్టచివర మాది, మూడోది, ఆఖరిది. పోయిన రెండు ఆదివారాలూ ఇదే బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుని మైకులో నా పేరు విని తల వంచుకున్నాను, పెళ్లికూతురు తల వంచుకోవాలి కాబట్టి. రేపల్లె సంఘస్థురాలు కుమారి జ్యోత్స్నకును, తెనాలి సంఘస్థుడు చిరంజీవి అజయ్ బాబుకును వివాహము నిశ్చయమైనది, ఇందుకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. అంతే, యేసుదాసు అయ్యగారు కళ్లద్దాలు పైకి తోసుకుని కాగితం తిప్పేస్తారు. ఆ కాగితం తిప్పేంత సేపే గడువు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ గడువులో ఎవరూ నోరు విప్పింది లేదు. ఒకసారి ఎవరి చంటిదో సరిగ్గా అప్పుడే ఏడుపు ఎత్తుకుంటే చర్చి అంతా నవ్వింది, అయ్యగారు కూడా నవ్వారు, పెళ్లి జరిగిపోయింది. ఈవేళ కూడా ఎవరూ విప్పకపోతే వచ్చే గురువారం నాకు పెళ్లి. దానికంటే ముందు ఈ మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలయ్యాక నా లాప్‌టాప్ బల్ల మీద పెట్టి అజయ్‌కి, వాళ్లమ్మకి, మా అమ్మకి అంతా తెరిచి చూపించాలి. చూపిస్తే అందరి మనసులూ కుదుటపడతాయట. పెళ్లిచూపుల్లో నన్ను చూశారు, అది చాలినట్టు లేదు.

అమ్మ మోచేత్తో పొడిచింది. నా వేళ్లు కీర్తనల పుస్తకం అట్ట మీద ఆడుతున్నాయి, నాకు తెలియకుండానే. చప్పుడు రాకపోయినా అమ్మకి తెలిసిపోతుంది. స్టేషన్ రోడ్డులో మేడ మీద ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్ ఆవిడదే, ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసినవాళ్లలో చాలామంది అమ్మ చేత వేళ్ల మీద దెబ్బలు తిన్నవాళ్లే. కుర్రాళ్ల వెనక నిలబడి కాగితం వంక చూడకుండా, వేళ్ల వంక చూసి, ఆ మాట తప్పు కొట్టావురా అనేది. కొత్తవాళ్ల చేతుల మీద తువ్వాలు కప్పేది, కీలు కనపడకూడదని. చూడకుండా కొట్టు, చూస్తే వేలు భయపడుతుంది, అనేది. నేను ఇంకా గౌన్లు వేసుకునే వయసులోనే నా చేతుల మీదా ఆ తువ్వాలు పడింది, పచ్చగళ్లది, రిబ్బను సిరా మరకలది. దాని కింద చీకట్లో వేళ్లు తడుముకునేవి, ఎక్కడో ఒక చోట సరైన అక్షరం దొరికేది, ఎవరికీ కనపడకుండా నాకే దొరికేది, అందులో ఎంత సంతోషం ఉండేదో ఇప్పటికీ చెప్పలేను. మెషిన్లు పోయాయి, వాటి చోట కంప్యూటర్లు వచ్చాయి, నేను చదువుకుని హైదరాబాదు కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తున్నాను, అయినా మౌస్ పట్టుకోమంటే మాత్రం నాకు ఎడమచేత్తో అన్నం తినమన్నట్టే ఉంటుంది.

మగవాళ్ల వైపు మూడో బెంచీలో ఉన్నాడు అజయ్ బాబు. ఇటు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. అందగాడు, కాదనను. పాట ఎత్తుకున్నాడంటే ఆ బొంగురు గొంతు మిగతా గొంతులన్నింటినీ భుజాన వేసుకుని నడిపిస్తుంది, ఇందాక మొదటి కీర్తనలో కూడా అదే వెతుక్కున్నాను, సిగ్గులేని చెవులు. బాపట్లలో ఏదో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు, రోజూ తెనాలి నుంచి పాసింజరు. మా ప్రధానం అయిన వారానికి నేను రేపల్లె నుంచి తెనాలి వెళ్లి అక్కడ బండి మారి, ఇద్దరం కలిసి బాపట్లలో వాళ్లక్కయ్యగారింటికి బయల్దేరాం. నేను కిటికీ పక్కన కూర్చుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తెరిచాను. ఆయన తొంగి చూశాడు. "ఇదేంటి, హ్యాకింగా?" "కాదండి, చదువుకుంటున్నా." "బొమ్మలేవి?" "ఉండవండి." "వీడియోలు?" "ఉండవు." "మరింకేముంటాయి?" "మాటలండి." పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వాను, ఆ రోజు నవ్వు నిజమైన నవ్వే.

ఎలా చెప్పాలో తెలియక అప్పుడు సరిగ్గా చెప్పలేదు గానీ, అదొక సందు. ఇంటర్నెట్ అనే పెద్ద బజారు పక్కనే ఉన్న ఇరుకు సందు. బజారులో ఏ పేజీ తెరిచినా చెప్పులవాడు ఎదురొస్తాడు, చీటీలవాడు చెయ్యి పట్టుకుంటాడు, నిన్న ఊరికే చూసిన చీర ఇవాళ పొద్దున్నుంచీ వెంట పడుతుంది, ఎవరో మూల నిలబడి మన అడుగులు రాసుకుంటూ ఉంటారు. ఈ సందులో వాళ్లెవరూ పట్టరు. ఒక చిరునామా అడుగుతావు, అక్షరాలు వస్తాయి, తలుపు మూసుకుంటుంది, అయిపోయింది. అక్కడ తిరగడానికి నా దగ్గరున్నది ఒక చిన్న బ్రౌజరు, నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, పనంతా కీబోర్డు మీదే. చూపుడువేలు నొక్కితే కిందికి, మధ్యవేలు నొక్కితే పైకి, చేతులు ఉన్నచోటు నుంచి కదలక్కర్లేదు. చుండూరు దాటాక సిగ్నలు ఒక్క గీతకి పడిపోయినా నా పేజీ వచ్చేసింది, దానికి బరువేముంది గనక, పక్కన ఆయన ఫోన్లో మాత్రం నిడుబ్రోలు వచ్చేదాకా చక్రం తిరుగుతూనే ఉంది. మొదట్లో దాంట్లో తెలుగు నానా అవస్థలు పడేది, ఒత్తులు పైఅక్షరాన్ని వదిలేసి పక్కగదిలోకెళ్లి కూర్చునేవి, నేనే కిందా మీదా పడి ఎలాగో దారికి తెచ్చాను. ఆ సందులో నాకూ ఒక గది ఉంది. రైలు ఆగిపోయే ఊరు అని పేరు పెట్టుకున్నాను, మా రేపల్లె తర్వాత పట్టాలు లేవు కాబట్టి. ఎవరు రాస్తున్నారో అందులో ఉండదు. వాన గురించి రాస్తాను, అమ్మ మెషిన్లను పాత ఇనుము కింద తూకం వేసి తీసుకెళ్లిన రోజు గురించి రాశాను, కోపం వచ్చినప్పుడు కోపం రాస్తాను. పట్టుమని పదిమంది చదువుతారేమో. ఎక్కడో మంచు పడే దేశం నుంచి ఎవరో ఒకావిడ, మీ వాన చదివి మా కిటికీ తెరిచాను, చలి కొట్టింది, అని రాసింది. దానికి నేను రోజంతా నేల మీద నడవలేదు.

అయ్యగారు పిట్టగోడ కథలోకి దిగారు, అంటే ప్రసంగం సగం అయినట్టు. ఏ వాక్యం తీసుకున్నా సగంలో ఆయన చిన్నప్పుడు ఎక్కి పడిపోయిన పిట్టగోడ వస్తుంది.

ఆ బ్రౌజరు రాసినాయన ఎవరో, ఏ ఊరివాడో నాకు తెలియదు, కానీ మర్యాదస్తుడు. ఎందుకంటే అది తెరుచుకోగానే మొదట చేసే పని తన చేతులు తానే కట్టేసుకోవడం. ముందే కంప్యూటరుకి చెప్పేస్తుంది, నాకు ఈ ఒక్క అర చాలు, మిగతా ఇంట్లో ఏముందో నాకొద్దు, తర్వాత నేనే వచ్చి బతిమాలినా ఇవ్వకు, అని. బయటికెళ్లి పేజీ తెచ్చే భాగం వేరు, తెచ్చింది తెర మీద పెట్టే భాగం వేరు, వెళ్లి తెచ్చేవాడికి నా ఫైళ్లు కంటికే ఆనవు. ఒకసారి ఆ ఒట్టు పెట్టుకున్నాక విప్పుకోవడం దాని చేతిలో కూడా ఉండదు. ఏ దొంగ పేజీ వచ్చి దాన్ని లొంగదీసుకున్నా ఆ ఖాళీ అరలోనే గింజుకుని చావాలి. ఇది మొదటిసారి చదివి అర్థం చేసుకున్న రోజు నాకు ఎందుకో కళ్లు చెమర్చాయి. ఒక యంత్రానికి ఇంత సంస్కారం నేర్పొచ్చునా అనుకున్నాను.

మరి మనుషులకి? ప్రధానం రోజు అజయ్ ఉంగరంతో పాటు ఫోను ఇచ్చాడు. కొత్తది, ఖరీదైనది, అందరూ చేతులు మార్చి మార్చి చూశారు. అన్నీ పెట్టే ఇచ్చాను, నువ్వేమీ చేసుకోనక్కర్లేదు, అన్నాడు. నిజమే, అన్నీ పెట్టే ఇచ్చాడు. మర్నాటి నుంచి నేను ఎక్కడుంటే అక్కడ ఒక నీలం చుక్కనై ఆయన ఫోన్లో వెలుగుతున్నానని నాకు తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. "తెనాలి ప్లాట్‌ఫారం మీద అంతసేపు ఏం చేశావు?" అన్నాడు ఒక సాయంత్రం, గొంతులో కోపం లేదు, అదే ఆశ్చర్యం, లెక్క అడిగినంత మామూలుగా అడిగాడు. మిరపకాయ బజ్జీలు తిన్నానండి. "ఒక్కదానివేనా?" ఒక్కదాన్నే. నవ్వి ఊరుకున్నాడు. ఆ మర్నాడు ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి బస్సెక్కి చెరుకుపల్లి వెళ్లాను, అక్కడ నాకేం పనుందీ, ఏమీ లేదు, పొలాల గట్టున కాసేపు నిలబడి, ఒక కొబ్బరిబోండం తాగి వచ్చాను. చుక్కగా కాకుండా మనిషిగా నడిచాను, అంతే నా పని. వచ్చేసరికి అమ్మ వంటింట్లో డబ్బా ముందు నిలబడి ఉంది, అత్తెసరు పెడదామని మూత తీస్తే లోపల ఫోను మోగుతోందట, బియ్యం వణుకుతున్నాయట. "ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారే" అంది. అనుకోనీ అన్నాను.

ఆమేన్. ప్రసంగం అయిపోయింది. అందరూ లేచారు, నేనూ లేచాను, కూర్చున్నాను. కానుకల సంచులు మగవాళ్ల వైపు నుంచి మొదలయ్యాయి. పాట మొదలైంది. ఆ గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి చెవులు మూసేసుకున్నాను లోపలే.

పోయినవారం మళ్లీ బాపట్ల. అక్కయ్యగారింట్లో పెళ్లిబట్టలు చూసుకోవడం, భోజనం. నేను పెరట్లో చేతులు కడుక్కుని, అక్కయ్యగారితో కబుర్లలో పడి, కాస్త ఆలస్యంగా లోపలికొచ్చాను. లాప్‌టాప్ నేను పెట్టినచోటే ఉంది కానీ మూసిన మూత తెరిచి ఉంది. అజయ్ ముందుగదిలో టీవీ చూస్తున్నాడు, అంత శ్రద్ధగా టీవీ ఎవరూ చూడరు. నా నల్ల తెర మీద నేను పొద్దున చదువుతూ వదిలేసిన పేజీయే ఉంది, ఎవరో ముసలాయన రాసుకున్న టీ కబుర్లు. మౌస్‌తో ఎక్కడెక్కడ నొక్కి చూశాడో పాపం, దానికి మౌస్ అంటే తెలియదు కదా. ఆ తర్వాత కీలు చేతికొచ్చినట్టు కొట్టి ఉంటాడు, ఏదో ఒక కీకి అడుగున చిరునామా గీత తెరుచుకుంది. అలాంటి గీత ఎక్కడ కనపడినా అందులో ఏది రాస్తే అది వెతికిపెడతారని అందరికీ అలవాటు. ఇది వెతకదు. ఇచ్చిన చిరునామాకి వెళ్తుంది, లేకపోతే లేదంటుంది. కాబట్టి ఆయన రాసింది ఎక్కడికీ పోలేదు, పోయే దారి లేక నా కోసం అక్కడే కాచుకుని ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో, నా పేరు, దాని పక్కన, పాత లవర్. కింద, ఈ చిరునామా దొరకలేదు, అని జవాబు. పైబాణం కీ నొక్కాను. అంతకుముందు రాసింది వచ్చింది, జ్యోత్స్న చాటింగ్. మళ్లీ నొక్కాను. జ్యోత్స్న హిస్టరీ. మళ్లీ నొక్కాను, ఇంక లేవు. చేతులు కట్టేసుకుని కూర్చున్న ఆ చిన్న ప్రోగ్రాం ఆయన దొంగతనాన్ని తు.చ. తప్పకుండా అట్టే పెట్టి నాకు అప్పజెప్పింది.

అడిగాను. "ఊరికే చూశాను, దానికేముంది" అన్నాడు. తర్వాత, "నువ్వు దాచకపోతే నేనెందుకు చూస్తాను" అన్నాడు. తర్వాత, "నా ఫోను పిన్ను నీకు చెప్పాను కదా, నేనెప్పుడైనా వద్దన్నానా, హిస్టరీ లేని బ్రౌజరు ఆడపిల్లకెందుకు చెప్పు" అన్నాడు. ఆయన పిన్ను నేను అడగలేదు. ఆయన ఫోను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నాకు ఆయన కావాలి గానీ ఆయన ఫోనెందుకు? ఈ మాట అప్పుడు నోటికి రాలేదు, తిరుగుబండిలో అప్పికట్ల దాటాక వచ్చింది, వినడానికి పక్కన ఎవరూ లేరు. నిజంగా ఇష్టపడ్డానే ఇతన్ని, అదే నా మంట. ఇష్టం లేని మనిషైతే ఇంత ఆలోచనే లేదు.

నిన్న రాత్రి అన్నం దగ్గర అమ్మ, "చూపించేస్తే పోయేదేముందే" అంది. మూడు ప్రయత్నాల సంగతి అమ్మకి చెప్పలేదు, తెరిచి చూశాడని మాత్రమే చెప్పాను, ఆ మాటలు నా నోటితో పలకడం ఇష్టం లేక. "అందులో తప్పు పనేమీ లేదంటున్నావు కదా." లేదమ్మా. "మరైతే?" మరైతే ఏమిటో నాకు ఒక్క ముక్కలో చెప్పడం రాదు. తప్పు పని ఉండి ఉంటే ఈపాటికి చూపించేసి కాళ్లు పట్టుకునేదాన్నేమో. ఏమీ లేదు గనకే చూపించను. వాన ఉంది, ఇనుము తూకం ఉంది, కోపం ఉంది, నేను ఉన్నాను. అదే అజయ్ తలుపు తట్టి అడిగితే ఒకనాటికి నేనే చదివి వినిపించేదాన్ని, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ గొంతుతో చదివించుకునేదాన్ని కూడా. అమ్మ కంచంలో మజ్జిగ పోసుకుంటూ అంది, "మీ నాన్న నాకొచ్చిన ఉత్తరాలన్నీ ముందు ఆయన చింపి చదివాకే నాకిచ్చేవారు. నేను బతకలేదా?" బతికావమ్మా. ఊళ్లోవాళ్ల అర్జీలు, ఊళ్లోవాళ్ల దస్తావేజులు, ఊళ్లోవాళ్ల ఉత్తరాలు జీవితమంతా కొట్టిపెట్టావు, నాన్న పోయి ఇన్నేళ్లయినా నీదంటూ ఒక్క కాగితం కొట్టుకోలేదు. రాయడానికి నీకేమీ లేకనా? ఇది పైకి అనలేదు. అని ఉంటే అన్నం తినేది కాదు.

కానుకల సంచి మా బెంచీకి వచ్చింది. వెనక బెంచీలోంచి అజయ్ వాళ్లమ్మ శోభారాణిగారు ముందుకి వంగి, "మధ్యాహ్నం ఓ పదినిమిషాలమ్మా, చూసేసుకుంటే వాడికీ నిమ్మళం" అన్నారు చెవిలో, ఎంతో ప్రేమగా. అత్తయ్యా, నేను పరుపు కాదు, కొనేముందు నొక్కి చూసుకోవడానికి. ఇదీ పైకి అనలేదు. ఈ చర్చిలో నేను అనని మాటలన్నీ లేచి నిలబడితే అయ్యగారికి చోటుండదు. అనుమతి అడగడం కూడా లోకంలో ఎలా తయారయిందంటే, బజారులో ప్రతి పేజీ గుమ్మంలోనే అడుగుతుంది, మీకు సమ్మతమేనా అని, సమ్మతమన్న బొత్తాం ఇంత పెద్దది, కాదన్నది వెతికితే గానీ దొరకదు. అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను అన్నదీ అంతే, అడిగినట్టే ఉంటుంది, ఆగరు. నా నల్ల తెర అలా కాదు. కొత్త తలుపు ఎదురైతే ఆగిపోయి అడుగుతుంది, వెళ్లనా వద్దా అని. అడిగి ఊరుకుంటుంది. నేను వెళ్లి కాఫీ తాగి వచ్చినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది, వద్దు అన్నా సరే అన్నంత మామూలుగా తీసుకుంటుంది. ఆగని ప్రశ్నని మనమే ఆపాలి కాబోలు.

వేళ్లు మళ్లీ అట్ట మీద మొదలయ్యాయి. ఈసారి ఏం కొడుతున్నాయో నాకు తెలుసు. నా పేరు, పాత లవర్. నా పేరు, చాటింగ్. నా పేరు, హిస్టరీ. మళ్లీ మొదటి నుంచి, అదే వరస, ఆపుదామన్నా ఆగవు. మోచేతి పోటు కోసం చూశాను. రాలేదు. పక్కకి చూస్తే అమ్మ నా వేళ్ల వంక చూస్తోంది, ఇన్‌స్టిట్యూట్‌లో కుర్రాళ్ల వెనక నిలబడినప్పటి చూపు. చదువుతోంది. రెండోసారి, మూడోసారి చదివింది. తర్వాత తలెత్తి మగవాళ్ల వైపు మూడో బెంచీ కేసి చాలాసేపు చూసింది.

ప్రకటనలు మొదలయ్యాయి. బుధవారం స్త్రీల సమాజం. శుక్రవారం ఉపవాస ప్రార్థన. చర్చి వెనక గోడకి సున్నం వేయించిన దాతలకి వందనాలు. రేపల్లె సంఘస్థురాలు కుమారి జ్యోత్స్నకును. నా వేళ్లు ఇప్పుడు కొట్టడం లేదు, అట్ట మీదే ఆగిపోయాయి, ఊరు, బంధువులు, అచ్చయిన కార్డులు, గురువారానికి చెప్పిన వంటవాళ్లు అన్నీ వాటి మీద కూర్చున్నట్టు. తెనాలి సంఘస్థుడు చిరంజీవి అజయ్ బాబుకును. ఇది మూడవ ప్రకటన. చేతుల మీద మెత్తగా ఏదో పడింది. అమ్మ చీర చెంగు. ముందుకే చూస్తూ, నా రెండు చేతులూ కీర్తనల పుస్తకంతో సహా కప్పేసింది, కింద ఏమీ కనపడకుండా. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. అయ్యగారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు, కాగితం అంచు వేళ్ల మధ్యకి వచ్చింది, నేను లేచి నిలబడ్డాను.

"నాకుందండి."

మైకు కూత పెట్టింది. చర్చి మొత్తం ఒకేసారి తిరిగింది. మూడో బెంచీలో తెల్లచొక్కా సగం లేచి ఆగిపోయింది. అయ్యగారు కాగితంలో పేరు చూసి, మళ్లీ నన్ను చూశారు.

"నువ్వు పెళ్లికూతురివి కదమ్మా?"

"అవునండి. అందుకే నేనే చెబుతున్నా."

అమ్మ నన్ను కిందికి లాగలేదు. అయ్యగారు కాగితం తిప్పలేదు.